నార్త్‌లో సీటు వచ్చేలా ఉంది, తమ్ముడికి ఆయాసం ఉంది... చలికి తట్టుకుంటాడా?

భీమవరం_అక్క:

అందరికీ నమస్తే అండి. మాది భీమవరం పక్కన పల్లెటూరు. మా తమ్ముడికి జేఈఈ మెయిన్‌లో ఓ మాదిరి ర్యాంకు వచ్చింది, వరంగల్ ఎన్‌ఐటీ మీద మొదట్నుంచీ ఆశ లేదు, తాడేపల్లిగూడెం అయితే ఇంటి పక్కనే గానీ వాడికి కావాల్సిన బ్రాంచ్ అక్కడ రాదని కోచింగ్ సార్ చెప్పేశారు. బ్రాంచ్ కావాలంటే పైకెళ్ళాలంట. హమీర్‌పూర్, జలంధర్, శ్రీనగర్ ఎన్‌ఐటీలు మూడూ లిస్టులో పెట్టుకుని జోసా (ఎన్‌ఐటీ సీట్ల కౌన్సెలింగ్) ఛాయిస్ ఫిల్లింగ్ దగ్గర ఆగిపోయాం.

సమస్యల్లా చలే. మా అమ్మ ఫోన్‌లో శ్రీనగర్ అని కొట్టి చూసింది, దాల్ లేక్ గడ్డకట్టి పడవ ఇరుక్కుపోయిన ఫోటో వచ్చింది, ఆ రోజు ఆవిడకి అన్నం సయించలేదు. నాన్న "మీ ఇష్టం" అంటారు, ఆ మీ ఇష్టం అంటే ఏంటో మా ఇంట్లో అందరికీ తెలుసు. మా వాడేమో స్నో పడుద్దంటే చాలు ఏ బ్రాంచ్ అయినా ఓకే అనేలా ఉన్నాడు.

అసలు భయం ఇంకోటుంది. చిన్నప్పుడు వాడికి ఆయాసం బాగా వచ్చేది, ఏడో క్లాస్ దాకా నెబ్యులైజర్ ఇంట్లోనే ఉండేది. ఇప్పుడు పర్లేదు కానీ భోగి మంట దగ్గర పది నిమిషాలు నిలబడితే రాత్రికి ఇన్‌హేలర్ తియ్యాల్సిందే. మనకి చలంటే ధనుర్మాసంలో పొద్దున్నే మఫ్లర్ కట్టుకోవడం, అంతే కదండీ. అక్కడ నిజంగా ఎలా ఉంటుంది, వేడినీళ్ళు ఉంటాయా, ఏం కొనాలి, అసలు చలి చూసి సీటు వదులుకోవడం తెలివితక్కువ పనా? చదివొచ్చినవాళ్ళు చెప్పండి, ఊరికే "ఏం కాదు పంపించేయండి" అనొద్దు ప్లీజ్.

సిర్పూర్_పోరడు:

అక్కా, నేను హమీర్‌పూర్‌ల చదివిన, నాలుగేండ్లు. మాది ఆసిఫాబాద్ జిల్లా సిర్పూర్ దిక్కు, మా తాన చలికాలం తెల్లారంగ 5, 6 డిగ్రీలు కొడ్తది, గందుకే నాకేంగాదు అనుకుంట పోయిన. తప్పు లెక్క అది. మా ఊర్ల పొద్దుగాల ఎంత చలి పెట్టినా పదకొండు గొట్టేసరికి అంగి గుండీలు ఇప్పుకుంటం. ఆడ డిసెంబర్ సగం కాంచి జనవరి ఆఖరు దాక పగటిపూట గూడ రూమ్ వేడెక్కది. గోడలే చలిని దాసుకుంటయ్, బయట ఎండల ఉంటే మంచిగుంటది, రూమ్‌లకు పోతే ఫ్రిజ్‌ల కూసున్నట్టు ఉంటది. అందుకే పరీక్షలప్పుడు హాస్టల్ మొత్తం పుస్తకాలు పట్టుకొని డాబా మీదనే ఉంటది.

హిమాచల్ అనంగనే అందరు సిమ్లా అనుకుంటరు. సిమ్లా 2200 మీటర్ల ఎత్తుల ఉంటది, హమీర్‌పూర్ వెయ్యి మీటర్లు గూడ లేదు. నేనున్న నాలుగేండ్లల క్యాంపస్‌ల స్నో పడుడు సూడలే. దూరం కెల్లి ధౌలాధార్ కొండలు తెల్లగ కనవడ్తయ్, అంతే. తమ్మునికి ఈ ముచ్చట సీటు తీసుకున్నంక చెప్పు లేకపోతే ఆప్షన్ పెట్టడు. రాత్రి 3, 4 డిగ్రీలు అయితది, పగలు ఎండ మస్తుంటది, గాలి సాఫ్‌గ ఉంటది. ఆయాసం ఉన్నోనికి నాకైతే అదే పెద్ద పాయింట్ అనిపిస్తది.

బట్టలు గురించి ఒక్కటే చెప్త. నేను ఇక్కడ హైదరాబాద్‌ల పెద్ద లావు జాకెట్ కొనుక్కపోయిన, బొంత తొడుక్కున్నట్టు ఉండె, లోపల మాత్రం ఒక్క టీషర్ట్. వణుకుడే వణుకుడు. సీనియర్ అన్న సూసి నవ్వి, లోపల ఒంటికి అంటుకునే థర్మల్స్, దాని మీద ఉన్ని స్వెటర్, దాని మీద గాలి ఆపే పల్సటి జాకెట్ ఏసుకోమన్నడు. మధ్యల ఉండే గాలే ఎచ్చగ ఉంచుతదట. క్లాస్‌ల వేడయితే ఒక్కొక్కటి తీసుకోవచ్చు. కాళ్ళకు ఉన్ని సాక్సులు మూడు నాలుగు జతలు, తడి సాక్స్ ఎన్నడు ఏసుకోవద్దు. ఇగ స్నానం అంటవా, పొద్దుగాల లేసి తలస్నానం జేసుడు మర్శిపోవాలె, ఒంటి గంటకు ఎండల జేస్తం.

పోవుడు గూడ ఆలోచించు, హమీర్‌పూర్‌కు రైలు లేదు. ఊనా దాక రైలు, ఆడికెల్లి ఒక 80 కిలోమీటర్లు ఘాట్ల బస్సు, లేకపోతే ఢిల్లీ నుంచి రాత్రి హిమాచల్ ఆర్టీసీ బస్సు. కడుపుల తిప్పేటోళ్ళయితే నిమ్మకాయ జేబుల పెట్టుకొని పోవాలె.

పంజాబ్_రిటర్న్:

హమీర్‌పూర్ బ్రో చెప్పింది కరెక్టే. నేను ఇంకోవైపు నుంచి చెప్తా. మనవాళ్ళందరూ మంచు పడే ఊళ్ళకి భయపడతారు, మైదానం ఊరంటే "ఆ పంజాబే కదా, సినిమాల్లో ఆవ పొలాల మధ్య ఎండలో డాన్సులేస్తారు" అనుకుంటారు. నాది విజయవాడ, పంజాబ్‌లో బీటెక్ చేశాను (కాలేజీ పేరు వద్దులెండి), నాకు జీవితంలో తగిలిన పెద్ద చలి అక్కడిదే. తర్వాత కాశ్మీర్ టూర్ వెళ్తే అక్కడ రూమ్‌లో హాయిగా పడుకున్నా.

ఎందుకంటే పంజాబ్, ఢిల్లీ, హర్యానా ఇళ్ళన్నీ ఎండాకాలానికి కట్టినవి. గచ్చు నేల, ఎత్తు సీలింగు, సందులున్న కిటికీలు. హీటింగ్ అనేది ఉండదు, హాస్టల్లో రూమ్ హీటర్ పెడితే ఫైన్ వేస్తారు. కొండల్లో వాళ్ళకి చలి అంటే ఏంటో తెలుసు కాబట్టి గదిని వేడిగా ఉంచుకునే ఏర్పాటు ఏదో ఒకటి ఉంటుంది. వీళ్ళు మాత్రం "రెండు నెలలే కదా" అని రజాయి (దూది బొంత) కప్పుకుని ఓర్చుకుంటారు. పైగా పొగమంచు. క్రిస్మస్ దగ్గర మొదలైతే కొన్నిసార్లు వారం రోజులు సూర్యుడే కనపడడు. రాత్రి 5 ఉంటుంది, మధ్యాహ్నం 11 దాటదు. పగటి ఉష్ణోగ్రత అలా మామూలు కన్నా బాగా పడిపోతే వాతావరణ శాఖ వాళ్ళు కోల్డ్ డే అని ప్రకటిస్తారు. ఇంటర్నెట్లో అందరూ రాత్రి టెంపరేచర్ చూసి భయపడతారు గానీ చూడాల్సింది పగటిది, అది నా అనుభవం.

మిగతావి చిన్న చిన్నవే కానీ ప్రాణం తీస్తాయి. ఉతికిన జీన్స్ నాలుగు రోజులైనా ఆరదు. పెరుగు తోడుకోదు. కొబ్బరినూనె మన దగ్గర డిసెంబర్‌లో పొద్దున గడ్డకట్టి టిఫిన్ టైమ్‌కి కరుగుద్ది, అక్కడ నవంబర్‌లో గడ్డకడితే మళ్ళీ హోలీకే. మా బ్లాక్‌లో గీజర్ లైన్ పాడైతే మూడు వారాలు బాగుచెయ్యలేదు, అందరం ఇమ్మర్షన్ రాడ్లు దాచుకుని బకెట్లో పెట్టుకునేవాళ్ళం, అది మాత్రం చెయ్యనివ్వకండి, మా పక్క రూమ్ వాడికి షాక్ కొట్టి చచ్చి బతికాడు. ఇంకోటి, మొదటి సంవత్సరం నా కాలి వేళ్ళు ఎర్రగా ఉబ్బిపోయి ఒకటే దురద, ఏదో చర్మరోగం అనుకున్నా. చలికి మనలాంటివాళ్ళకి అలా వస్తుందంట, నేను తెలివిగా మరిగే నీళ్ళలో కాళ్ళు పెట్టి ఇంకా చెడగొట్టుకున్నా. మెల్లగా వెచ్చబరుచుకోవాలి, హీటర్ దగ్గర కూడా పెట్టకూడదు అని తర్వాత డాక్టర్ తిట్టాడు.

సెలవుల సంగతి కూడా చెప్పాలి. రైళ్ళు ఢిల్లీ దగ్గర పొగమంచుకి గంటలకొద్దీ లేటు. ఏపీ ఎక్స్‌ప్రెస్‌కి కనెక్షన్ పెట్టుకుంటే కనీసం సగం రోజు గ్యాప్ ఉంచుకోమనండి. సంక్రాంతికి సెలవివ్వరు. కానీ భోగి రోజే వాళ్ళకి లోహ్రీ, సాయంత్రం పెద్ద మంట వేసి వేరుశనక్కాయలు, నువ్వులుండలు పంచుతారు, మన తెలుగు బ్యాచ్ అంతా అక్కడే చేరి ఇంటికి వీడియో కాల్ చేసేవాళ్ళం. మీ వాడు దూరం నుంచి చూస్తే చాలు.

ఒక_గుంటూరు_నాన్న:

అమ్మా, మా అమ్మాయికి కూడా మీ తమ్ముడి సమస్యే, ఢిల్లీలో ఇప్పుడు మూడో ఏడు. పంపే ముందు మేమూ మీలాగే రగ్గులు, స్వెటర్లు అంటూ తిరిగాం. తీరా చూస్తే మా పాపని ఇబ్బంది పెట్టింది జనవరి చలి కాదు, దీపావళి దగ్గర్నుంచి ఉండే పొగ. అక్టోబర్ చివర, నవంబర్‌లో వరి కోసాక పంజాబ్, హర్యానాల్లో గడ్డి తగలబెడతారు, గాలి కదలదు, ఆ పొగ అంతా ఢిల్లీ మీద గొడుగు పట్టినట్టు కూర్చుంటుంది. మొదటేడు నవంబర్‌లోనే రాత్రి పూట ఆసుపత్రికి పరిగెత్తింది, మేమేమో ఇక్కడ గుంటూరులో ఫోన్ పట్టుకుని కూర్చున్నాం. కాబట్టి మీరు డిగ్రీలు ఒక్కటే చూడొద్దు, గాలి కూడా చూడండి.

మా డాక్టర్ గారు చెప్పినవి చెప్తాను, మీరు మీ డాక్టర్ని అడిగి నిర్ధారించుకోండి. ఇన్‌హేలర్లు రెండు రకాలు. ఆయాసం వచ్చినప్పుడు పీల్చేది ఒకటి, రాకుండా రోజూ వాడేది ఒకటి. మనవాళ్ళు బాగున్నాం కదా అని రోజువారీది మానేస్తారు, మేమూ అదే చేశాం, చలికాలం మధ్యలో మళ్ళీ మొదలెడితే వెంటనే పని చెయ్యదు. ఊరెళ్ళే ముందే డాక్టర్ దగ్గర కూర్చుని, ఏమైతే ఏం చెయ్యాలో కాగితం మీద రాయించుకోండి, ఆ కాగితం రూమ్మేట్‌కి కూడా ఇవ్వండి. ఫ్లూ టీకా ఏటా వేయించాలన్నారు. చల్లగాలి నేరుగా నోట్లోంచి పీల్చకూడదు, ముక్కు మూతి కప్పి మఫ్లర్ కట్టుకోవాలి, పరిగెత్తుతూ క్లాసుకి వెళ్ళడం, చలిలో క్రికెట్టు ఇవి దెబ్బ కొడతాయి. ఇన్‌హేలర్ బ్యాగులో బయటి జేబులో పెట్టకూడదంట, బాగా చల్లబడితే మందు సరిగ్గా రాదు, లోపలి జేబులో ఒంటికి దగ్గరగా ఉంచుకోవాలి. ఇది మాత్రం నాకు అప్పటిదాకా తెలీదు.

ఇంకొక మాట. అక్కడ అద్దెకో, సీనియర్ల దగ్గరో పాత రజాయి తీసుకోకండి. దాని దుమ్ము చాలు ఆయాసానికి. కొత్తది కొని, పైన ఉతుక్కునే కవర్ వేసి, ఎండ వచ్చినప్పుడల్లా ఆరేయమనండి.

భీమవరం_అక్క:

అమ్మో ఇంత వివరంగా రాశారు, థ్యాంక్స్ అండి అందరికీ. బాబాయ్ గారూ, ఆ రోజువారీ ఇన్‌హేలర్ మేం ఆపేసి రెండేళ్ళయింది, ఇప్పుడు చదివి గుండె జల్లుమంది, రేపే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తాం. పంజాబ్ గురించి చదివాక జలంధర్ కిందకి దింపేశాం. శ్రీనగర్ గురించి ఎవరూ చెప్పలేదు, మా అమ్మకి అదే కదా భయం. ఎవరన్నా ఉన్నారా?

హజ్రత్‌బల్_తెలుగోడు:

ఉన్నానక్కా, శ్రీనగర్‌లో ఫైనల్ ఇయర్, మాది ఖమ్మం. క్యాంపస్ హజ్రత్‌బల్ దగ్గర, దాల్ పక్కనే. మీ అమ్మగారు చూసిన ఫోటో నిజమే గానీ ఆ ఫోటో తీసినప్పుడు మేం ఇంట్లో పండుకొని పకోడీలు తింటుంటాం. ఇక్కడ సమ్మర్ సెలవులు చిన్నవి, వింటర్ సెలవులు పెద్దవి. డిసెంబర్ 21 నుంచి 40 రోజులు చిల్లై కలాన్ అంటారు, ఏడాదిలో చలి గట్టిగా ఉండే టైమ్ అదే, తర్వాత 20 రోజులు చిల్లై ఖుర్ద్, ఆ తర్వాత 10 రోజులు చిల్లై బచ్చా, అంటే పిల్ల చిల్లై. ఇందులో ఎక్కువ భాగం సెలవుల్లోనే పోతుంది. 2024లో చిల్లై కలాన్ మొదలైన రోజు మైనస్ 8.5 కొట్టింది, డిసెంబర్‌లో అంత చలి 50 ఏళ్ళలో లేదన్నారు, మా గ్రూప్‌లో ఆ వార్త ఖమ్మం నుంచి నేనే పెట్టా. అకడమిక్ క్యాలెండర్ ఏటా కాస్త మారుతుంది, వెబ్‌సైట్‌లో చూసుకోండి.

అంటే చలే ఉండదని కాదు. నవంబర్ సగం నుంచే రాత్రి సున్నా కిందకి పోతుంది, మార్చిలో తిరిగొచ్చాక కూడా స్వెటర్ తియ్యలేం. పైప్‌లో నీళ్ళు గడ్డకట్టి పగిలిపోకుండా ఇక్కడివాళ్ళు రాత్రంతా కుళాయి సన్నగా వదిలేస్తారు, నేనది చూసి మొదట్లో ఎవరో మర్చిపోయారని వెళ్ళి కట్టేశా, తిట్లు తిన్నా. ఫెరన్ అని మోకాళ్ళ కింది దాకా వచ్చే వదులు కోటు ఉంటది, లోపల కాంగ్డీ పట్టుకుంటారు, అంటే సన్నటి కొమ్మలతో అల్లిన బుట్టలో మట్టి కుండ, అందులో నిప్పులు. చూడ్డానికి బాగుంటది కానీ మీ తమ్ముడిని కాంగ్డీ జోలికి పోవద్దనండి. తలుపులు మూసి బొగ్గు కుంపటి పెట్టుకుని పండుకుంటే కార్బన్ మోనాక్సైడ్‌కి నిద్రలోనే పోతారు, వాసన కూడా రాదు, నార్త్‌లో ప్రతి చలికాలం ఇలాంటివి పేపర్లో చూస్తూనే ఉంటాం. గాలి ఆడని బాత్రూంలో గ్యాస్ గీజర్ కూడా అంతే.

ఆయాసం విషయంలో ఒకటి నిజాయితీగా చెప్పాలి. అక్టోబర్, నవంబర్‌లో ఇక్కడ చినార్ ఆకులు, కొమ్మలు కాల్చి కాంగ్డీకి బొగ్గు చేసుకుంటారు, చుట్టూ కొండలు కాబట్టి ఆ పొగ లోయలోనే ఉండిపోతుంది. ఢిల్లీ అంత కాదు, కానీ భోగి మంటకే ఇన్‌హేలర్ తీసేవాడికి ఆ నెల కష్టమే. నాకు తెలిసి ఈ మాట ఇక్కడ టూరిస్టులెవరూ చెప్పరు.

ప్రయాణం ఇంతకు ముందు నరకం, మంచు పడ్డా కొండచరియలు విరిగినా జమ్మూ హైవే మూసేసేవాళ్ళు, రాంబన్ దగ్గర ఒకసారి రాత్రంతా బస్సులోనే ఉన్నా. 2025 జూన్ నుంచి కట్రా-శ్రీనగర్ వందే భారత్ నడుస్తోంది కాబట్టి బాగా తేలికైంది. ఇంకోటి, మన ఊరి ప్రీపెయిడ్ సిమ్ ఇక్కడ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ అయితేనే. ముందే మార్పించండి, లేకపోతే దిగిన రోజు ఫోన్ కలవక అమ్మగారు కంగారు పడతారు. ఆ అన్నట్టు, ఇక్కడివాళ్ళు రొట్టెలోళ్ళు కాదు, రెండు పూటలా అన్నమే.

ఊరికే_చదువుతుంటా:

అందరూ చలి చలి అంటారు, జూన్‌లో జలంధర్, ఢిల్లీ 45 డిగ్రీలు ఉంటే దాని గురించి ఎవ్వరూ థ్రెడ్ వెయ్యరేంటో. రెండు నెలల చలికి నాలుగేళ్ళ బ్రాంచ్ వదిలేస్తారా.

పంజాబ్_రిటర్న్:

అది మనకి అలవాటే కదా గురూ, రెంటచింతలోళ్ళకి 45 అంటే లెక్కేంటి.

షాపింగ్ గురించి మర్చిపోయా. ఆగస్టులో వెళ్ళేటప్పుడే అన్నీ మోసుకెళ్ళకండి, అప్పుడక్కడ చెమటలు కక్కే ఎండ. రెండు జతల థర్మల్స్, ఒక స్వెటర్ చాలు. మన ఊళ్ళకి ప్రతి చలికాలం టిబెటన్లు వచ్చి రోడ్డు పక్కన స్వెటర్లు అమ్ముతారు కదా, వాటిలో చాలా వరకు లూధియానా సరుకే, అక్కడికే వెళ్తూ ఇక్కడ కొనడం ఎందుకు. అక్టోబర్‌లో సీనియర్‌తో వెళ్ళి కొనుక్కోమనండి, వాళ్ళకి బేరం ఎలా ఆడాలో తెలుసు. వాజెలిన్ మాత్రం పెద్ద డబ్బా పంపండి. పెదాలు, మడమలు పగిలితే అన్నంలో ఆవకాయ కూడా కలుపుకోలేడు.

భీమవరం_అక్క:

అప్‌డేట్ అండి. డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళొచ్చాం. ఊపిరితిత్తుల టెస్ట్ చేయించారు, పర్లేదన్నారు, రోజువారీ ఇన్‌హేలర్ మళ్ళీ మొదలెట్టమన్నారు. కొండ మీద చలికి భయం లేదు, పొగ ఉన్న ఊరైతే ఆలోచించుకోండి అన్నారు, అచ్చం బాబాయ్ గారు చెప్పిందే. హమీర్‌పూర్ ముందు పెట్టి, శ్రీనగర్ తర్వాత పెట్టి, జలంధర్ అట్టడుగున పెట్టాం. స్నో పడదని మా వాడికి ఇంకా చెప్పలేదు.

ఇప్పుడు కొత్త గొడవ ఏంటంటే, శ్రీనగర్‌లో రెండు పూటలా అన్నమేనంట అని నేను చదివి వినిపించిన దగ్గర్నుంచీ అమ్మ ప్లేటు తిప్పేసింది, "అన్నం దొరికే ఊరు కిందెందుకు పెట్టారే, పైకి పెట్టండి" అంటోంది. హమీర్‌పూర్ మెస్‌లో అన్నం పెడతారా అన్నా?

సిర్పూర్_పోరడు:

పెడ్తరక్కా, రోజూ పెడ్తరు. రాజ్మా చావల్ అయితే మస్తుంటది. కానీ చల్లగయ్యేలోపల తినాలె, తెలుగోళ్ళం లైన్‌ల ఫస్ట్ నిలవడ్తం. అమ్మకు చెప్పు, కందిపొడి, నెయ్యి పంపిస్తే చాలని. నెయ్యి డబ్బాల పంపుమను, సీసాల వద్దు, గడ్డకడ్తే చెంచా దిగది.